సవరణ: అది కల్పన కాదు

మొన్న ‘బీయింగ్ ఫ్లిన్’ సినిమా గురించి రాస్తూ, కొడుకు పనిచేసే నిరాశ్రయుల షెల్టర్‌కే తండ్రి పడుకోవడానికి రావడం ‘మరీ సినిమాటిక్’ అన్నాను. తప్పు నాదే. అది అమెరికన్ రచయిత నిక్ ఫ్లిన్ సొంత జీవితం. బోస్టన్ షెల్టర్‌లో ఆయనకు నిజంగానే అలా జరిగింది. 2004లో పుస్తకంగా రాశారు, 2012లో సినిమా అయింది. తండ్రిగా రాబర్ట్ డి నీరో.

ఈ సంగతి చెప్పింది హన్మకొండలో మా పక్కింటి సారు. ఊరికే చెప్పలేదు, తిట్టి మరీ చెప్పారు: “కాజీపేట స్టేషన్ బయట పండుకునేటోళ్లను ఎన్నడన్న చూసినవా? వాళ్లల్ల ఒక్కనికన్న కొడుకు ఉండడా?”

నిన్న రాత్రి చూశాను. ఒక పెద్దాయన చెప్పులను తువ్వాలలో చుట్టి తలకింద పెట్టుకున్నాడు. పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.