పాపం, ప్రేక్షకుడు!

జాతి వివక్ష మీదో, పోలీసుల దౌర్జన్యం మీదో సినిమా వచ్చిన ప్రతిసారీ అందరూ బాధితుల గురించే మాట్లాడతారు. టికెట్ కొని, పాప్‌కార్న్‌కి అంతకు రెట్టింపు పెట్టి, రెండున్నర గంటలు ఏసీలో వణుకుతూ కూర్చున్న మనిషి ఏమైపోయాడని ఒక్కరూ అడగరు. ఆయన తరఫున వకాల్తా పుచ్చుకుని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

2017లో వచ్చిన ‘డెట్రాయిట్’ సంగతే చూడండి. దర్శకురాలు క్యాథరిన్ బిగెలో, నిడివి 143 నిమిషాలు. 1967 జులైలో అమెరికాలోని డెట్రాయిట్ నగరం అల్లర్లతో తగలబడుతున్నప్పుడు అల్జీర్స్ మోటల్లో ఒక రాత్రి జరిగిన ఘోరం కథ. కుర్రాళ్లను గోడకు ముఖం పెట్టించి, చేతులెత్తించి నిలబెడతారు. ఒక్కొక్కణ్ణీ గదిలోకి లాక్కెళ్లి, నేలలోకి తూటా కాల్చి, వాణ్ణి చంపేశామని మిగతావాళ్లను నమ్మిస్తారు. ఆ మోటల్ నుంచి ఎవరో తుపాకి కాల్చారని అనుమానం, అది ఎవరో భయపడి కక్కాలని పోలీసులు ఆడే ఆట అది. ఒక పోలీసుకు మాత్రం ఇది ఆటేనని ఎవరూ చెప్పరు. అతను నిజంగానే కాల్చేస్తాడు. ఆ రాత్రి చనిపోయిన ముగ్గురూ నల్లజాతి కుర్రాళ్లే: కార్ల్ కూపర్‌కి 17, ఫ్రెడ్ టెంపుల్‌కి 18, ఆబ్రీ పొలార్డ్‌కి 19 ఏళ్లు. పోలీసులు వెతికిన తుపాకి ఆ మోటల్లో దొరకనే లేదు. ఇదంతా చూస్తూ ప్రేక్షకుడు ఎంత టెన్షన్ పడ్డాడో ఆలోచించండి. కెమెరా ఊగిపోవడంతో వచ్చిన తలనొప్పి దీనికి అదనం.

అలాంటి మనిషి బయటికొచ్చి, రెండో వైపు చూపించలేదని అనడంలో తప్పేముంది? న్యాయమైన ఫిర్యాదే. ఆ రెండో వైపు ఎక్కడుందా అని వెతికితే కోర్టు రికార్డుల్లో భద్రంగా ఉంది. పొలార్డ్ హత్య కేసుకు డెట్రాయిట్‌లో మరీ ప్రచారం వచ్చేసిందని 1969లో విచారణను మేసన్ అనే చిన్న ఊరికి మార్చారు. నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ చిన్నప్పుడు చదువుకున్న ఊరది. లాయర్‌ని అవుతానంటే, మీవాళ్లకు అది అయ్యే పని కాదు, వడ్రంగం నేర్చుకోమని టీచర్ సలహా ఇచ్చింది అక్కడే. అంత నిష్పక్షపాతమైన ఊళ్లో జ్యూరీ అంతా తెల్లవాళ్లే కావడంలో వింత లేదు. కాల్చింది నేనేనని పోలీసు ఒప్పుకున్నాడు, ఆత్మరక్షణ కోసమేనన్నాడు. జడ్జిగారు జ్యూరీకి రెండే దారులు చూపించారు. ఫస్ట్ డిగ్రీ హత్య, అంటే ముందే అనుకుని చేసిన హత్య అనండి, లేదా నిర్దోషి అనండి, మధ్యేమార్గం లేదు. వాళ్లు నిర్దోషి అన్నారు. మరుసటి ఏడాది ఫ్లింట్‌లో ఫెడరల్ కేసు నడిచింది, అక్కడా అదే తీర్పు. అంటే రెండో వైపు రెండు ఊళ్లలో రిలీజై, రెండు చోట్లా సూపర్ హిట్టయింది. యాభై ఏళ్లు ఆగి మొదటి వైపు ఒక్కసారి హాల్లోకి వచ్చేసరికి బ్యాలెన్స్ తప్పిందని గోల. పాపం, ఈ సినిమాకు పెట్టిన డబ్బు కూడా తిరిగి రాలేదు. ఇందులో చనిపోయినవాళ్లకు అసలు పేర్లే ఉంచి పోలీసుల పేర్లు మాత్రం మార్చారు. నిర్దోషుల పరువు ముఖ్యం కదా మరి.

ఎవడో ఒకడు చెడ్డవాడైతే మొత్తం డిపార్ట్‌మెంటును అంటారా అనే పెద్దమనుషులూ ఉన్నారు. అప్పట్లో ఆ నగరంలో మూడో వంతుకు పైగా నల్లవాళ్లుంటే, పోలీసుల్లో నూటికి తొంభై ఐదు మంది దాకా తెల్లవాళ్లు. ఆ అల్లర్లలో పోయిన 43 మందిలో 33 మంది నల్లవాళ్లు. 1968లో కెర్నర్ కమిషన్ కారణాలు తవ్వి, మూలం తెల్లవాళ్ల జాతి వివక్షేనని రాసింది. ఆ రిపోర్టు పుస్తకంగా వేస్తే లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. జనం ఎగబడి కొన్నారు, ఆ కమిషన్ వేసిన ప్రెసిడెంట్ జాన్సన్ పక్కన పడేశారు. ఆ ‘ఎవడో ఒకడు’ అప్పట్నుంచీ అమెరికాలో ఊరూరా బదిలీ మీద తిరుగుతున్నాడు. ఆ మోటల్‌నైతే ఎప్పుడో కూల్చేశారు, మళ్లీ మానిన పుండును గెలకడం దేనికని అడిగేవాళ్లు వీళ్ల వెనక వరసలోనే కూర్చుంటారు.

నల్లజాతి ప్రేక్షకుల్లో చాలామంది అడిగింది వేరు. తీసినామె, రాసినాయన ఇద్దరూ తెల్లవాళ్లే, మావాళ్లు తిన్న దెబ్బలే అంతసేపు చూపించారు, మా ఇళ్లు, మా ఆడవాళ్లు కనపడరేం, ఆ దెబ్బలు మాకు కొత్తా అన్నారు. దీనికి నా దగ్గర వెటకారం లేదు కాబట్టి ముందుకు పోదాం.

మన తెలుగు ప్రేక్షకుడి వేదన ఇంకా లోతైనది. ఖాకీ చొక్కా చేతులు మడిచి హీరో స్టేషన్లో ఎవణ్ణి కుమ్మినా విజిల్ వేయడం ఊహ తెలిసినప్పట్నుంచీ అలవాటైన మనిషి. ఇక్కడ పోలీసు కొడుతూనే ఉన్నాడు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ మాత్రం లేవట్లేదు. ఎక్కడ విజిల్ వేయాలో తెలియక ఓటీటీ ముందు తెల్లమొహం వేశాడు. చివరికి ‘ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ లాగ్, కోర్టు సీన్లో ఒక్క డైలాగూ పేలలేదు’ అని రెండున్నర రేటింగిచ్చి పడుకున్నాడు. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులను ఎన్‌కౌంటర్ చేస్తే పోలీసుల మీద పూలు చల్లాం కదండీ అని గుర్తుచేస్తే, ‘అది వేరు’ అన్నాడు. చంపాలనే కాల్చారని 2022లో సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ రిపోర్టులో తేల్చింది కదా అంటే, ‘చదవలేదండీ, లాగ్ ఉంటుంది’ అన్నాడు.

ఇక అందరికన్నా నలిగిపోయినవాడు డెట్రాయిట్ శివార్లలో, నోవైలోనో ట్రాయ్‌లోనో ఇల్లు కట్టుకున్న మనవాడు. నల్లవాళ్లుండే నగరానికీ తెల్లవాళ్ల శివార్లకూ గీతలాంటి ఎయిట్ మైల్ రోడ్డుకు ఏ పక్కనుందో చూసుకుని మరీ ఇల్లు కొన్నాడు. కొత్తగా వచ్చినవాళ్లకు ‘ఇక్కడ స్కూళ్లు బాగుంటాయి’ అని చెప్తాడు. బాగా కావాల్సినవాళ్లయితే గొంతు తగ్గించి, ‘అటు వద్దన్నా, నల్లోళ్ల ఏరియా’ అంటాడు. మనలాంటివాళ్లకు తలుపు తీసిన 1965 వలస చట్టం, నల్లవాళ్లు లాఠీలకు, కుక్కలకు ఎదురు నిలిచి సాధించిన హక్కుల చట్టాల వెనకాలే వచ్చిందని చెప్పబోతే, ‘నేను మెరిట్ మీద వచ్చాను’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. సినిమా చూసి మాత్రం నిజంగానే కదిలిపోయాడు, అందులో నాకు అనుమానం లేదు. ‘మనుషులేనా వీళ్లు!’ అని భార్యతో రెండుసార్లు అన్నాడు. అంటూనే, సిగ్నల్ దగ్గర హుడీ వేసుకున్న కుర్రాడొకడు రోడ్డు దాటుతుంటే, కారు డోర్లు లాక్ అయ్యాయో లేదో వేలితో నొక్కి చూసుకున్నాడు.

2023 జనవరిలో సియాటెల్‌లో రోడ్డు దాటుతున్న మన కర్నూలు జిల్లా అమ్మాయిని పోలీసు కారు గుద్ది చంపింది. గంటకు 25 మైళ్ల వేగ పరిమితి ఉన్న రోడ్డు మీద ఆ కారు 74 మైళ్ల వేగం దాకా వెళ్లింది. పదకొండు వేల డాలర్లకు చెక్కు రాసిస్తే సరి, ఆమె విలువ పరిమితమే అని ఇంకో ఆఫీసర్ ఫోన్లో నవ్వుతూ అన్న మాటలు అతని బాడీ కెమెరాలోనే రికార్డయ్యాయి. ఆ వీడియో బయటికి రాగానే నోవై నుంచి నంద్యాల దాకా మనవాళ్ల రక్తం ఉడికింది, ఉడకాల్సిందే. పాత గాయాలు గెలకొద్దని గానీ, అందరు పోలీసులూ అలా ఉండరని గానీ నేనున్న వాట్సాప్ గ్రూపుల్లో ఒక్కరూ అనలేదు. ఆ ఆఫీసర్ తన వైపు కథ కూడా చెప్పుకున్నాడు, ఇలాంటి కేసుల్లో లాయర్లు ఎలా బేరమాడతారో వెక్కిరించానంతే అన్నాడు. ఆ రెండో వైపును చివరిదాకా ఓపిగ్గా విన్న ప్రేక్షక మహాశయులు ఎవరైనా ఉంటే దయచేసి చేతులెత్తండి, లెక్కపెట్టుకుంటాను.