అయిదు పైసల శరణార్థి స్టాంపుకు బహిరంగ లేఖ

హన్మకొండ

శ్రీ అయిదు పైసల శరణార్థి సహాయ స్టాంపు గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి.

1971 నవంబరు 15 నుంచి మీరు మామూలు స్టాంపుకు తోడుగా మా ఉత్తరాలకు అంటుకున్నారు. తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది వచ్చిపడితే, వాళ్ల ఖర్చులో కొంత మీ పేరు మీద వసూలైంది. వరంగల్లులో వియ్యంకుడికి కవరు రాసినాయన కూడా అయిదు పైసలు కట్టాడు. అలాగని అప్పుడు భయం లేదని కాదు. వీళ్లంతా వెనక్కి పోవాల్సిందేనని ఇందిరా గాంధీ ప్రభుత్వం మొదటి నుంచీ చెప్తూనే ఉంది. మా జాలికి ఎప్పుడూ గడువు ఉంటుంది లెండి.

ఇవాళ మిమ్మల్ని మళ్లీ అచ్చేస్తే మా కాలనీ వాట్సాప్ గ్రూపు ఊరుకోదు. "మన పన్నులు ఎవడికి పోతున్నాయో చూడండి" అని మీ ఫొటో తిప్పుతారు. అందరికన్నా ముందు తిప్పే పెద్దమనిషి కొడుకు డల్లాస్‌లో గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తుంటాడు.

చలికాలం స్వెట్టర్లు అమ్మే టిబెటన్లంటే మాత్రం ఎవరికీ టెన్షన్ లేదు. వాళ్లను మనం అడిగేది కాగితాలు కాదు, రేటు తగ్గించమని. కాగజ్‌నగర్ దగ్గర ఈస్‌గాం, నజ్రూల్‌నగర్ బెంగాలీలూ ఒకప్పుడు శరణార్థులే. తమిళనాడు 1983లో శ్రీలంక తమిళులను కడుపులో పెట్టుకుంది. 1991 మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగాక, గుడారంలో పసిపిల్లను ఎత్తుకున్న తల్లి కూడా అనుమానితురాలైంది.

భయం ఉత్తదని నేననను. బాంబు పేలిన దేశానికి భయం ఉంటుంది. కానీ నిజంగా భయపడేవాడు ముందు రిజిస్టరు తెరుస్తాడు: ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు, ఎవరికి ఆశ్రయం, ఎవరికి కాదు. మేం 1951 శరణార్థి ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, సొంత చట్టమూ చేసుకోలేదు. 1946 నాటి విదేశీయుల చట్టం పోయి 2025లో కొత్తది వచ్చినా, ప్రాణభయంతో వచ్చినవాడికి శరణార్థి హోదా ఇచ్చే పద్ధతి అందులోనూ లేదు. మయన్మార్ నుంచి పారిపోయి వచ్చి హైదరాబాద్ బాలాపూర్‌లో ఉన్న రోహింగ్యా చేతిలో ఐక్యరాజ్య సమితి కార్డు ఉంటుంది. అది చూపిస్తే పోలీసాయన సెల్యూట్ కొడతాడా, జీపెక్కమంటాడా అనేది ఆ పూట పైనుంచి వచ్చిన మాటను బట్టి.

కోర్టుకు పోతే? అరుణాచల్ ప్రదేశ్‌లో ఉన్న చక్మా శరణార్థుల కేసులో 1996లో సుప్రీంకోర్టు, ప్రాణరక్షణ హక్కు విదేశీయులకూ ఉందంది. 2021లో రోహింగ్యాల కేసులో, ఆ హక్కు అందరిదీ గానీ, దేశం నుంచి పంపించకుండా ఉండే హక్కు పౌరులకే అంది. అంటే ఇక్కడ ఉన్నన్నాళ్లు బతకొచ్చన్నమాట.

చివరగా ఒక జాగ్రత్త. మళ్లీ రావాలనిపిస్తే 2019 పౌరసత్వ సవరణ చట్టం చదువుకుని రండి. పౌరసత్వం కావాలంటే పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ అనే మూడు దేశాలు, ఇస్లాం లేని ఆరు మతాల జాబితా, 2014 డిసెంబరు 31 లోపు వచ్చి ఉండాలి. తేదీతో మీకు ఢోకా లేదు, 1971 ముద్ర ఉంది. మతం గడిలో ఏం రాస్తారో మాత్రం ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి.

ఇట్లు,
కవరుకు అయిదు పైసలు ఎక్కువ కట్టిన ఇంటివాడు