శీల విచారణ సంఘం వారి మధ్యాహ్న సమావేశం

శ్రీకాకుళంలో ఇటీవల ఒక రెవెన్యూ గుమాస్తా గారి పదవీ విరమణ సన్మానానికి వెళ్లాను. శాలువా కప్పినవారిలో ఒక్కరూ ఆయన చేసిన పని గురించి మాట్లాడలేదు. మాట్లాడడానికి ఏమీ లేదన్నది వేరే సంగతి. ఆయన ఏకపత్నీవ్రతుడనీ, వక్కపొడైనా ఎరుగరనీ, రథసప్తమికి అరసవల్లి దర్శనం ఏనాడూ మానలేదనీ వరుసగా సాక్ష్యమిచ్చారు. భూమి రికార్డుల్లో పేరు మార్చమని జనం పెట్టుకున్న మ్యుటేషను దరఖాస్తులు, ఆయన బీరువాలోనివి, అవీ అంతే నిష్ఠాపరులు. ఏళ్ల తరబడి ఒక్కటీ గడప దాటలేదు.

అదే కార్యాలయం పరిధిలో విడాకులు తీసుకుని ఒంటరిగా ఉంటున్న ఒక మహిళా వీఆర్వో ఉన్నారు. ప్రభుత్వోద్యోగులకు వర్తించే 1964 నాటి ప్రవర్తనా నియమావళి భార్య ఉండగా మరో పెళ్లి కూడదన్నదే గాని విడాకుల గురించి పెదవి విప్పలేదు గనుక, ఆ లోటు పూడ్చే భారాన్ని మధ్యాహ్నం క్యారేజీలు విప్పే పెద్దలు తమ భుజాన వేసుకున్నారు. స్కూటరు మీద దింపినదెవరు? తమ్ముడైతే పోలికలేవి? ఒక్క మనిషికి ఆదివారం కిలో చేపలెందుకు? ఒకరు ప్రశ్నిస్తారు, మరొకరు పప్పుచారు కలుపుకుంటూ సాక్ష్యం చెబుతారు, మూడు తరాలుగా హద్దు తగాదాల్లో తేలని నిజం ఇక్కడ పెరుగన్నం వేళకు తేలిపోతుంది. అడంగల్‌లో తప్పుపడిన తండ్రి పేరు దిద్దించుకోవడానికి సంతబొమ్మాళి నుంచి వచ్చిన రైతు తీర్పు వెలువడేదాకా వరండాలో నిలబడతాడు. ముద్దాయి ఆ వేళ పొలం గట్ల మీద ఉంటారు గనుక తీర్పు ఎప్పుడూ ఏకపక్షమే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడినీ వేళ్లతో పెకలించినప్పుడు, అయ్యా, ఈ ఏకపత్నీవ్రతులు ఎక్కడున్నారు? కూలిన మానులు దాటుకుంటూ చెట్టు చెట్టూ లెక్కించి, రైతు పేరూ బ్యాంకు ఖాతా అంకెలూ తప్పు లేకుండా రాసినది ఆవిడ. అంకె ఒకటి తారుమారైతే పరిహారం రాదు. మళ్లీ నాటిన కొబ్బరి కాపుకొచ్చేదాకా ఏళ్ల తరబడి ఆ ఇంటికి రాబడీ ఉండదు. తోట పోయిన ఏ రైతూ ఆవిడను మొగుడెక్కడని అడగలేదు. అడిగినది ఫ్యాను కింద కూర్చున్న మీరు. సిగ్గు లేదా మీకు?

రిపబ్లిక్ దినోత్సవపు ప్రశంసాపత్రాలకు ఆవిడ పేరు పంపాలన్న మాట వచ్చిందట. వేదిక మీద పక్కన ఎవరు నిలబడతారన్నది సంఘం వారి తాజా అభ్యంతరం. కలెక్టరు గారి చేతి కాగితం దంపతులుగానే అందుకోవాలనడానికి అదేమన్నా సత్యనారాయణ వ్రతమా?