వచ్చే సోమవారం వ్రత మాహాత్మ్యం

ఆరోగ్యం విషయంలో మన సమాజంలో ఇటీవల ఒక ప్రమాదకరమైన ధోరణి ప్రబలుతోంది. కొంచెం నడిచినా మేలేనని, ఒకరోజు మానేసినా కొంపలేమీ మునగవని, చేయగలిగినంతే పెట్టుకోమని వైద్యులు ఏమాత్రం సంకోచం లేకుండా బహిరంగంగా చెబుతున్నారు. చేస్తే సంపూర్ణంగా చేయాలి, లేదంటే జోలికే పోకూడదన్న సిద్ధాంతానికి పన్నెండేళ్లుగా కట్టుబడి, ఆ క్రమంలో నడుము చుట్టుకొలతను 32 అంగుళాల నుంచి 38 అంగుళాలకు అభివృద్ధి చేసుకున్నవాడిగా, ఈ ధోరణిని ఖండించడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

నిజమైన పర్ఫెక్షనిస్టు నడకను ఏ గురువారమో, పదిహేడో తారీఖునో మొదలుపెట్టడు. సోమవారమే మొదలుపెట్టాలి, అది ఒకటో తారీఖు కూడా అయితే మరీ శ్రేష్ఠం. అయితే సోమవారం రాహుకాలం ఉదయం ఏడున్నరకు వస్తుంది, నాకు మెలకువ ఏడుంబావుకు వస్తుంది, బూట్ల తాళ్లు ముడి వేసుకునేసరికి ఇద్దరం గుమ్మంలో ఎదురుపడతాం. మంగళవారం మనవాళ్లు ఏ పనీ ప్రారంభించరు. ఆషాఢం, మూఢం, ధనుర్మాసం తీసేసి, మిగిలినవాటిలో వాన పడినవి కూడా తీసేస్తే, ఏడాదికి నాకు దక్కే సోమవారాలు వేళ్లమీద లెక్కించదగినవి. నడకకు కూడా ముహూర్తమేమిటని మా ఆవిడ అడిగింది. పెళ్లయితే ఒక్కరోజుతో అయిపోతుంది, నడక జీవితాంతం భరించాల్సిందని చెప్పాను. ఆమె చాలాసేపు నావైపే చూసింది.

ఇక లక్ష్యం. 1965లో జపాన్‌లో యమాసా అనే కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రాన్ని అమ్మకానికి పెట్టి, దానికి ‘మన్‌పో-కెయ్’, అంటే పదివేల అడుగుల మీటరు, అని నామకరణం చేసింది. ఆ పదివేలకు వైద్యశాస్త్రం కన్నా వ్యాపారమే దగ్గర చుట్టమని గిట్టనివాళ్లు అంటారు. అననివ్వండి, అంకె గుండ్రంగా ఉంది, నాకు అది చాలు. కానీ 2019లో హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందం, సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది మహిళల అడుగులు లెక్కగట్టి, రోజుకు సుమారు 2,700 అడుగులు వేసినవారితో పోలిస్తే 4,400 వేసినవారిలో మరణాలు 41 శాతం తక్కువని, 7,500 దాటాక అదనంగా ఒరిగేది పెద్దగా కనబడలేదని ప్రకటించింది. పదివేలకు నాలుగువేల నాలుగువందలు అంటే నూటికి నలభై నాలుగు! తొంభై ఎనిమిది మార్కులు తెచ్చుకొస్తే “తక్కిన రెండూ ఏవిరా?” అని తండ్రి అడిగిన ఇంట్లో పెరిగినవాడు, నలభై నాలుగు మార్కుల ఆరోగ్యంతో ఏ ముఖం పెట్టుకుని బతుకుతాడు?

నా పద్ధతి వేరు. ఒక రాత్రి పదకొండూ నలభైకి నా లెక్క 9,812 దగ్గర ఉంది. తక్కిన 188 అడుగుల కోసం భోజనాల బల్ల చుట్టూ ప్రదక్షిణలు చేస్తుండగా స్మార్ట్‌వాచిలో ఛార్జింగ్ అయిపోయింది. నేను ఆ క్షణమే ఆగిపోయాను. నమోదు కాని అడుగు వేయడం శరీరాన్ని వృథాగా అలసటపెట్టడమే.

అయ్యప్ప దీక్షకు 41 రోజులుంటే నడకకూ, ఆహార నియమానికీ ఎందుకు ఉండకూడదని ఒక మండలం పట్టాను. ఐదు రోజులు రాగిజావ, కొర్రన్నం. ఆరోరోజు పెళ్లి భోజనంలో ఎవరో బలవంతపెట్టి ఒక బూరె వేశారు. ఆ ఒక్కదానితో దీక్ష భంగమైంది కనుక, భంగమైన దీక్షను సగంలో వదిలేయడం కూడా అసంపూర్ణత్వమే కనుక, మరో ఏడు తిని భంగాన్ని పూర్తిచేశాను. 1975లోనే హెర్మన్, మాక్ అనే శాస్త్రజ్ఞులు అమెరికాలో కొందరు విద్యార్థినులకు మిల్క్‌షేక్ తాగించి ఆపైన ఐస్‌క్రీమ్ పెడితే, మామూలుగా తినేవాళ్లు తగ్గించి తిన్నారట, పథ్యంలో ఉన్నవాళ్లు మాత్రం ఇంకా ఎక్కువ తిన్నారట. దీనికి అంత ప్రయోగం ఎందుకో నాకు తెలియదు. నిండా మునిగినవాడికి చలేమిటని మన పెద్దలు మిల్క్‌షేక్ ఖర్చు లేకుండానే తేల్చారు.

ఇంతకన్నా దారుణం లండన్ నుంచి వచ్చింది. 96 మంది మీద ఫిలిప్పా లాలీ బృందం చేసి 2010లో అచ్చువేసిన పరిశీలన ప్రకారం, ఒక పని అలవాటుగా కుదురుకోవడానికి కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజులు కూడా పట్టవచ్చు, మధ్యస్థంగా 66. అంతవరకు సహించవచ్చు. కానీ మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు పడే తీరుకు చెప్పుకోదగ్గ నష్టమేమీ లేదని కూడా వాళ్లు రాశారు. ఇదే నిజమైతే, రథసప్తమినాడు 108 సూర్య నమస్కారాలు సంకల్పించి 31 దగ్గర చాప మీద పడిపోయిన నేను, మర్నాడు నిశ్శబ్దంగా లేచి పన్నెండు చేసుకుని ఉండాల్సింది. సాక్షాత్తూ సూర్యభగవానుడే చూసిన వైఫల్యాన్ని పన్నెండుతో సర్దుబాటు చేయమనడం ఏం మర్యాద? అందుకే మళ్లీ రథసప్తమి దాకా ఆయన మొహం చూడలేదు, కిటికీ తెరలు వేసే ఉంచాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అయినా అండగా ఉంటుందనుకుంటే, వారానికి 150 నిమిషాల వ్యాయామం కనీసం పదేసి నిమిషాల చొప్పున ఏకబిగిన సాగాలన్న పాత నిబంధనను 2020లో అదే ఎత్తేసింది. అంటే మా మూడో అంతస్తుకు మెట్లెక్కినా లెక్కే. బూట్లు, వాచి, చెమట పీల్చే చొక్కా, యాప్‌కు ఏడాది చందా కలిపి నేను పెట్టిన పెట్టుబడికి దిక్కెవరు?

ఈ సడలింపుల బండారం బయటపెట్టాలనే పోయినవారం వాచిని మా ఆవిడ చేతికి తొడిగాను. ఆవిడకు లక్ష్యం లేదు, బూట్లు లేవు, హవాయి చెప్పులే. కూరల బండికి, గుడికి, మేడ మీద బట్టలు ఆరేయడానికి తిరుగుతుంది. ఒంట్లో బాగులేని రోజు పడుకుంటుంది, తెల్లారి మళ్లీ తిరుగుతుంది, ఆ పడుకున్న రోజుకు సంతాపం పాటించదు. వారాంతానికి ఆవిడ లెక్క 43,260. అంతకుముందు వారం నేను సోమవారం 10,012, మంగళవారం 10,004 నడిచి, బుధవారం ఆఫీసులో ఆలస్యం కావడంతో తక్కిన వారాన్ని రద్దు చేశాను. మొత్తం 20,016. ఈ పోలిక చెల్లదని గణితం తెలిసినవారు ఇట్టే గ్రహిస్తారు: నేను రెండుసార్లు లక్ష్యం ఛేదించాను, ఆవిడ ఒక్కసారి కూడా ఛేదించలేదు.

వాచి తిరిగి పుచ్చుకుని ఛార్జింగ్‌కు పెట్టాను. తొంభై ఆరు శాతం దగ్గరుంది, నూరు నిండాక బయల్దేరుదామని బూట్లు వేసుకుని సోఫాలో కూర్చున్నాను. కరివేపాకు అయిపోయిందంటూ ఆవిడ ఈలోగా చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్లింది.