వలలు లాగాలట!

నిన్న రాత్రి బరంపురంలో బంధువుల ఇంట నిశ్చితార్థం. పంక్తిలో పులిహోర వడ్డిస్తుండగా మా చిన్నక్క కూతురు, నౌకాదళాల చరిత్ర మీద పరిశోధన చేస్తానని చెప్పింది. అంతే. మా పెద్ద బావగారు అప్పడం విరుస్తూ, "అయితే గోపాల్‌పూర్ వెళ్లి వలలు లాగు తల్లీ, ఫీజు కూడా ఉండదు" అన్నారు. పంక్తి పంక్తంతా నవ్వింది. పిల్ల తల దించుకుని ఖాళీ విస్తట్లో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. నాకు రాత్రంతా ఆ గీతలే.

అన్నట్టు, వలలు లాగడం అంత తక్కువ పనిగా కనిపించే ఈయనకు ఆదివారం చిలికా చేప లేనిదే ముద్ద దిగదు.

బావగారూ, చరిత్రకారుడు పాల్ కెన్నెడీ పేరు విన్నారా? ఎందుకు వింటారు! ఇంగ్లండులో టైన్ నది ఒడ్డున, ఓడలు కట్టే వాల్‌సెండ్‌లో 1945లో పుట్టారు. న్యూకాజిల్‌లో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేశారు. 1976లో బ్రిటన్ సముద్రాధిపత్యం ఎలా లేచి ఎలా కూలిందో పుస్తకం రాశారు. 1983లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. తాహతుకు మించిన బరువు మోస్తే ఎంతటి రాజ్యమైనా కుంగుతుందని 1987లో రాసిన మరో పుస్తకంతో అక్కడ పెద్ద దుమారమే రేగింది. తరువాత మరో ఇద్దరు పండితులతో కలిసి మహావ్యూహం (గ్రాండ్ స్ట్రాటజీ), అంటే రాజ్యాలు తమ బలాన్నంతా కలిపి దూరదృష్టితో వేసే ఎత్తుగడ, మీద ప్రత్యేకంగా తరగతే నడిపారు. ఇంత జీవితంలో వలల ప్రస్తావన ఎక్కడా లేదు, క్షమించాలి.

ఆయన చెప్పింది మన పట్టు దుకాణాల వీధిలో చప్పున అర్థం కావలసిన మాట. కార్ఖానాలు, ఖజానా బాగున్నన్నాళ్లే ఓడల జోరు. అవి సన్నగిల్లాక ఎన్ని ఫిరంగులున్నా దండగ. అచ్చంగా పద్దుల లెక్క.

పద్దులంటే గుర్తొచ్చింది. ఇంటర్ అయ్యాక నేను చరిత్ర తీసుకుంటానంటే, మా నాన్నను అరుగు మీదికి పిలిచి "చరిత్ర అన్నం పెడుతుందా మామయ్యా?" అని కామర్స్‌లో వేయించింది ఈ మహానుభావుడే. ఇప్పుడు చీరల దుకాణంలో పద్దులు రాస్తున్నాను. అన్నం పెడుతోంది, కాదనను. రాత్రి షట్టర్ దించాక అదే బల్ల మీద కెన్నెడీని చదువుకుంటుంటే, ఈ వయసులో ఏ పరీక్షకు కూర్చుంటున్నావని మా యజమాని అడుగుతాడు.

కార్తీక పౌర్ణమి వచ్చిందంటే మాత్రం బావగారి ప్రతాపం చూడాలి. అరటిదొప్పలో దీపం పెట్టి నీళ్లలో వదిలి, "మన కళింగ నావికులు జావా, బాలి దాకా వెళ్లారు" అని కుటుంబం గ్రూపులో ఆరు జెండాలతో పంపుతారు. వాళ్లు ఏ గాలికి బయలుదేరారు, ఏం మోసుకెళ్లారు, ఆ రాకపోకలు ఎందుకు ఆగిపోయాయి అని అడిగే పిల్ల మాత్రం వలలు లాగాలి! ప్రాచీన కాలపు భూగోళ పండితుడు టాలెమీ రాసిన పలూర రేవు మన గంజాం తీరంలోని పాలూరేనని పండితులు అంటారు. మన పంక్తిలో ఒక్కరైనా ఆ ఊరు వెళ్లారా? 1936లో మనల్ని ఒడిశాలో కలిపేశారని ఇప్పటికీ బల్ల గుద్దే పెద్దలు నలుగురు అక్కడే ఉన్నారు. ఆ సరిహద్దు గీత ఎలా గీశారని అడిగి చూడండి, అందరి చూపూ పాయసం గిన్నె మీదికి పోతుంది.

పిల్ల దరఖాస్తు రుసుము ఈ ఉదయం నేనే కట్టాను. బావగారికి ఎవరైనా చెబుతారేమో, నిక్షేపంగా చెప్పండి.