శనగపచ్చ పురుగుకు వాసన సంచి లేదు
ఆడ రెక్కల పురుగు మగవాటిని రప్పించే వాసనను పగలంతా పొట్ట చివరి సంచిలో దాచుకుని రాత్రికి వదులుతుందని ఒక వ్యాసంలో రాశారు. శనగపచ్చ పురుగు వరకైతే ఇది సరికాదు, దానికి అలాంటి సంచే లేదు. పొట్ట చివర 8, 9 ఖండాల మధ్య పలుచని పొరలో ఉన్న కణాలే ఈ వాసనను తయారుచేసే గ్రంథి. చీకటి పడ్డాక తలలోని నాడీముడి నుంచి పీబాన్ అనే హార్మోను (33 అమైనో ఆమ్లాల గొలుసు) విడుదలైతేనే తయారీ ఊపందుకుంటుంది. అప్పుడు ఆడది గుడ్లు పెట్టే గొట్టాన్ని బయటికి చాచి ఆ పొరను గాలికి తెరుస్తుంది, వాసన అక్కడి నుంచే ఆవిరవుతుంది. నిల్వ ఉండేది ప్రధానంగా ముడిసరుకు, అంటే గ్రంథిలోని కొవ్వులు. అందుకే పగలు కోసిన గ్రంథిలో దాదాపు ఏమీ దొరకదు. విశ్లేషణకు వాసనను సేకరించాలంటే, జతకట్టని 2-3 రోజుల ఆడ పురుగును చీకటి పడ్డ మూడు నాలుగు గంటలకు తీసుకుని, పొట్ట మెల్లగా నొక్కి, కొన బయటికి రాగానే సన్న కత్తెరతో కత్తిరించి 10-20 మైక్రోలీటర్ల హెక్సేన్ అనే ద్రావకంలో కొద్ది నిమిషాలే ఉంచాలి. ఎక్కువసేపు నానితే లోపలి కొవ్వులూ దిగి, విశ్లేషణలో అసలు పదార్థాన్ని కప్పేస్తాయి. జతకట్టిన ఆడదాన్ని తీసుకుంటే శ్రమంతా వృథా, కలయిక తర్వాత తయారీ బాగా పడిపోతుంది. ఇంకొకటి, రైతులకు ఇది తప్పక చెప్పాలి: ఈ పురుగు మగవాటిని పట్టే లింగాకర్షక బుట్టలో పెట్టే ఎరలో ఉన్నది సుమారు 97:3 పాళ్లలో రెండు ఆల్డిహైడ్లు (ఈ వాసనలోని రసాయనాలు). గాలి, ఎండ తగిలితే అవి త్వరగా చెడతాయి. వాడేదాకా ప్యాకెట్ విప్పకుండా ఫ్రిజ్‌లోనే ఉంచాలి.