రికార్డు ప్లేట్ల మీద తిరుగుతున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

పోయిన వారం మా పెదనాన్నగారి అబ్బాయి, అన్నయ్య, బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు. అప్పటికే అది నాకు మరో మూడు గ్రూపుల్లో వచ్చింది. "రికార్డు ప్లేట్ల పిచ్చిలో పడకండి" అని మొదలై ఆరు మాటలు చెబుతుంది. ఫోన్‌లో లేని పాట లేదు. రికార్డు శబ్దం నాసిరకం. నాలుగుసార్లు వేస్తే అరిగిపోతుంది. ఇది డబ్బున్నవాళ్ళ షోకు. ఇరవై నిమిషాలకోసారి లేచి తిప్పే ఓపిక ఎవరికీ ఉండదు. చివరికి మీ పిల్లలు వాటిని తూకానికి అమ్మేస్తారు. రాసినవాళ్ళ పేరు లేదు. గ్రూపులో చాలామంది బాగుందన్నారు.

చెన్నై వెస్ట్ మాంబళంలో మా ఇంట్లో నాలుగు వందల పైచిలుకు రికార్డులున్నాయి. కొన్ని నాన్న కొన్నవి, మిగతావి నేను పాతికేళ్ళుగా ఏరుకొచ్చినవి. అందుకే ఆ మెసేజ్‌ని చూసీ చూడనట్టు వదిలెయ్యలేకపోయాను.

"ఫోన్‌లో లేని పాట లేదు." సినిమా పాటల వరకు ఇది చాలావరకు నిజం. కానీ తెలుగువాళ్ళ రికార్డులంటే సినిమా పాటలొక్కటే కాదు. నాటక పద్యాలు, హరికథలు, బుర్రకథలు, హాస్య సంభాషణలు, లలిత గీతాలు, ఇవన్నీ ప్లేట్లుగా వచ్చాయి. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు లాంటి రంగస్థల మహానుభావుల గొంతు మనదాకా వచ్చింది ఎక్కువగా 78 ఆర్‌పీఎం ప్లేట్ల మీదనే, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క ప్లేట్ల మీద. అలాంటివి కొన్ని ఇప్పుడు యూట్యూబ్‌లో దొరుకుతాయి. దొరికినప్పుడు వెనక చిటపట వినండి. అది కంపెనీ గోడౌన్‌లోంచి వచ్చిన పాట కాదు. ఎవరో ఒకాయన ఏళ్ళ తరబడి అట్ట పెట్టెలో దాచిన ప్లేటుకి ముల్లు ఆనించి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, అందరికీ పెట్టాడు. ఫోన్‌లో ఉంది కదా ప్లేటెందుకు అనేవాళ్ళు అక్కడ వింటున్నది ఆ ప్లేటునే.

చెన్నైలో ఉండేవాళ్ళకి ఇది మరీ తెలియాలి. సెంట్రల్ స్టేషన్ పక్కన 1900 నుంచి ఉన్న మూర్ మార్కెట్ 1985 మే నెలలో కాలిపోయింది. పాత పుస్తకాలకీ పాత రికార్డులకీ మద్రాసు మొత్తం అక్కడికే వెళ్ళేది. నాన్న అక్కడ కొన్న ప్లేట్లు మా ఇంట్లో పదకొండు ఉన్నాయి. తర్వాత కొట్లు దగ్గర్లోని అల్లికుళం కాంప్లెక్స్‌కి మారాయి. పాత బజారు ఉన్నచోట ఇప్పుడు లోకల్ రైళ్ళు ఆగుతాయి. ఆ మంటల్లో పోయిన ప్లేట్లలో ఏ ఒక్కదానికైనా మరో కాపీ లేకపోయి ఉంటే, ఆ గొంతుని ఈరోజు ఏ యాప్ కూడా తీసుకురాలేదు.

ఉన్న పాటలైనా ఎలా ఉన్నాయో చూడండి. యాప్‌లో గాయకుల పేర్లుంటాయి, సంగీత దర్శకుడి పేరుంటుంది. పాట రాసిన కవి పేరు చాలాసార్లు ఉండదు. రికార్డు అట్ట వెనక, లేదంటే మధ్యనున్న గుండ్రటి లేబుల్ మీద, ఆ పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. దాశరథి ఒకరు, నారాయణరెడ్డి మరొకరు, ఇద్దరి పాటల తీరు వేరు అని తనకి తెలిసింది లేబుళ్ళు చదవడం వల్లనే.

"శబ్దం నాసిరకం." ఈ విషయంలో ముందు మావాళ్ళ తప్పు ఒప్పుకుంటాను. మెసేజ్‌కి పోటీగా రికార్డు ప్రేమికులు తిప్పే మాట ఒకటుంది: డిజిటల్‌లో సంగీతం మెట్లు మెట్లుగా తెగిపోతుంది, రికార్డులోనే పూర్తిగా ఉంటుంది అని. అది నిజం కాదు. సీడీలో శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలుస్తారు. చెవికి వినిపించే పరిధికి ఆ కొలత సరిపోతుంది, బయటికి వచ్చే తరంగం మెట్లు లేకుండా నున్నగానే ఉంటుంది. అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య దూరం సీడీలో 96 డెసిబెల్స్ దాకా ఉంటే, రికార్డులో 70 దాటడం కష్టం. పైగా రికార్డు లోపలికి పోయేకొద్దీ ముల్లు నడిచే గాడి చుట్టుకొలత తగ్గుతుంది. పన్నెండు అంగుళాల ఎల్పీ (ఎక్కువ సేపు మోగే లాంగ్ ప్లే రికార్డు) మొదట్లో ముల్లు కింద సెకనుకి సుమారు 50 సెంటీమీటర్ల గాడి పోతుంది, చివర్లో 20 మాత్రమే. అందుకే చివరి పాటలో 'స', 'శ' కాస్త గరగరలాడతాయి. కొలతల పోటీలో సీడీదే గెలుపు.

అయినా "నాసిరకం" అనే మాట తప్పు. జనం విన్న చెడ్డ శబ్దంలో ఎక్కువ భాగం రికార్డుది కాదు, దాన్ని వేసిన మిషన్‌ది. గాడి చెక్కేటప్పుడు మంద్ర శబ్దాలను తగ్గించి, సన్నటి శబ్దాలను పెంచి చెక్కుతారు. లేకపోతే మంద్రానికి గాడి బాగా వెడల్పయి పక్క గాడిలోకి పోతుంది, ఎల్పీలో ఇరవై నిమిషాలు పట్టవు. వినేటప్పుడు ఆ తేడాను తిరిగి సరిచేసేది ఫోనో ప్రీఆంప్ అనే చిన్న పెట్టె. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నదానికి 1954 నుంచి ఆర్ఐఏఏ అనే ఒకే ప్రమాణం ఉంది. ఆ పెట్టె లేకుండా రికార్డు తిప్పే మిషన్‌ని, అంటే టర్న్‌టేబుల్‌ని, నేరుగా ఆంప్లిఫయర్‌కి కలిపితే మృదంగం వినిపించదు, గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. అలా ఒకసారి విని, రికార్డులింతే అని పక్కన పెట్టినవాళ్ళు నాకే ఇద్దరు తెలుసు.

మా ఇంట్లో జరిగింది మరొకటి. ఎనభైల్లో మా మావయ్య అమెరికా నుంచి ఒక టర్న్‌టేబుల్ తెచ్చిచ్చాడు. మన కరెంటుని అక్కడి వోల్టేజీకి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ నాన్న కొని పెట్టారు. మొదటిసారి వేస్తే అమ్మకి బాగా తెలిసిన కీర్తన నీరసంగా, బరువుగా వచ్చింది. ప్లేటు పాడైందని నాన్న బాధపడ్డారు. ఇంకో ప్లేటు వేశారు, అదీ అంతే. అమ్మ చిన్నప్పుడు వీణ నేర్చుకుంది. ఆవిడే శ్రుతి చూసి, దాదాపు మూడు స్వరస్థానాలు కిందికి దిగింది, షడ్జమం ఉండాల్సిన చోట మంద్ర చతుశ్రుతి ధైవతం పలుకుతోంది అని చెప్పింది. కారణం తర్వాత తెలిసింది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది గానీ కరెంటు సైకిళ్ళను మార్చదు. అమెరికాలో సెకనుకి 60, ఇక్కడ 50. ఆ మోటారు సైకిళ్ళను బట్టే తిరుగుతుంది కాబట్టి నిమిషానికి 33 చుట్లకు బదులు 28 కూడా తిరగడం లేదు. మూడు నిమిషాల పాట మూడు నిమిషాల ముప్ఫయ్యారు సెకన్లు పట్టింది. ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌లో అడిగితే ఒకాయన లేత్ మీద ఐదో వంతు లావైన పుల్లీ తీయించి బిగించాడు. ఆ సాయంత్రం కీర్తన మళ్ళీ తన శ్రుతిలో మోగింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

సరైన స్పీడు, సరైన ముల్లు, శుభ్రమైన ప్లేటు ఉంటే తంబుర మీట విడివిడిగా వినిపిస్తుంది. అంతకంటే గొప్ప శబ్దం మరోచోట ఉండదని నేననను. ఆ శబ్దం బాగుంటుంది, నిండుగా ఉంటుంది, దాన్ని నాసిరకం అనడం అన్యాయం.

"నాలుగుసార్లు వేస్తే అరిగిపోతుంది." లక్క ప్లేట్ల కాలంలో ఇది కొంత నిజం. ఆ గ్రామఫోన్లలో ఉక్కు ముల్లు మీద వంద గ్రాములకు పైగా బరువు పడేది, ప్లేటు ఒక పక్క అయ్యాక ముల్లు మార్చాలి. ముల్లుని పట్టి ఉంచే ఇప్పటి మంచి కార్ట్రిడ్జ్ రికార్డు మీద మోపే బరువు ఒకటిన్నర, రెండు గ్రాములు. దాని కొస వజ్రం. అరిగిన ముల్లుతో వేస్తేనో, దుమ్ముతో వేస్తేనో గాడి పాడవుతుంది. సూట్‌కేస్ ఆకారంలో అమ్మే చవక ప్లేయర్లలో బరువు ఎక్కువ, వాటి జోలికి పోవద్దని మాత్రం నేనూ చెబుతాను.

2015 డిసెంబర్ వరదల్లో సైదాపేటలో మా స్నేహితుడి ఇల్లు నడుం లోతు మునిగింది. కింది అరలో అరవై ఎల్పీలు. నీళ్ళు తీశాక అట్టలు ముద్దయిపోయాయి, చేత్తో పట్టుకుంటే ఊడొచ్చాయి. ఘంటసాల భగవద్గీత అట్ట పోయిందని వాళ్ళమ్మగారు ఏడ్చారు. మేమిద్దరం ఆ ప్లేట్లను ఒక్కొక్కటిగా బురద పోయేదాకా మంచినీళ్ళతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, నీడలో ఆరబెట్టాం. మూడు తప్ప అన్నీ మోగాయి. ఆ గదిలోనే ఉన్న హార్డ్ డిస్క్ మళ్ళీ తెరుచుకోలేదు. ఎల్పీలు చేసే వినైల్ అనే ప్లాస్టిక్‌కి నీళ్ళంటే భయం లేదు, వేడంటే భయం. మే నెలలో తలుపులు మూసిన కారులో పెట్టి గంట సేపు వదిలితే అప్పడంలా వంకర పోతుంది. పాత లక్క ప్లేట్లను స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరిగిపోతుంది.

"డబ్బున్నవాళ్ళ షోకు." కొత్తగా అచ్చయి విదేశాల నుంచి వచ్చేవి ఖరీదే, నేను ఏడాదికి ఒకటి మించి కొనను. పాతవాటి సంగతి వేరు. నా దగ్గరున్న వాటిలో ఎక్కువ భాగం రెండొందలకీ, మూడొందలకీ కొన్నవి. ఒకసారి పోస్టులో తెప్పించుకున్న రికార్డు వంగిపోయి వచ్చింది, డబ్బు తిరిగి రాలేదు. అప్పటి నుంచి చేత్తో పట్టుకుని, వెలుతురులో వాల్చి చూడకుండా కొనడం మానేశాను. అన్నయ్య పోయిన దీపావళికి కొన్న ఫోన్ ధరలో నా మిషనూ స్పీకర్లూ రెండూ వస్తాయి.

"లేచి తిప్పే ఓపిక ఎవరికీ ఉండదు." నాకు ఇందులో ఉన్న సుఖం ఇదే, కాబట్టి దీనికి కాస్త ఎక్కువ చెప్పాలి. 1948లో కొలంబియా కంపెనీ ఎల్పీ తెచ్చేదాకా పది అంగుళాల ప్లేటు ఒక పక్క మూడు నిమిషాలే. త్యాగరాజ కీర్తనను అందులో ఇరికించడానికి విద్వాంసులు సంగతులు, అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు, తగ్గించుకుని పాడారు. ఎల్పీ వచ్చాక ఒక రాగానికి ఒక పక్క మొత్తం ఇవ్వగలిగారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం 1963లో ఎల్పీగా వచ్చింది, ఇప్పటికీ ఎన్నో ఇళ్ళలో తెల్లవారేది దానితోనే. ఇరవై నిమిషాలంటే ప్లేటు మీద నాలుగు వందల మీటర్ల పైచిలుకు పొడవున ఒకటే గాడి. అది అయ్యేదాకా పాట దాటెయ్యాలని చెయ్యి పోదు, పోయినా ముల్లు ఎత్తి సరిగ్గా పెట్టడం కష్టం. అందుకని ఊరుకుంటాం. ఊరుకోవడం వల్ల, నచ్చదనుకున్న రెండో పాట నాలుగోసారికి నచ్చుతుంది.

ఆదివారం సాయంత్రం ఎదురింటి మామి మా ఇంటికి వస్తారు. ఆవిడకి డెబ్భయ్యేళ్ళు దాటాయి. త్యాగరాజ కీర్తనలు యాభై ఏళ్ళుగా పాడుతున్నారు, తెలుగు రాదు. ఒక పక్క అయిపోయి ముల్లు లేచాక, తిప్పేలోపల ఉండే ఆ నిశ్శబ్దంలో ఆవిడ మాటలకు అర్థం అడుగుతారు. అమ్మ చెబుతుంది. ఒకసారి "మరుగేల" అంటే ఏమిటని అడిగారు. ఎందుకు దాగడం అని అమ్మ చెప్పగానే, ఇన్నాళ్ళూ అది రాముణ్ణి అడుగుతున్న ప్రశ్న అని తెలియకుండానే పాడానా అన్నారు. అదే కీర్తన మళ్ళీ వెయ్యమన్నారు. ఫోన్‌లో అయితే ఆ వ్యవధి దొరకదు. ఒకదాని తోక పట్టుకుని మరో పాట వచ్చేస్తుంది.

"చివరికి పిల్లలు తూకానికి అమ్మేస్తారు." అమ్మవచ్చు. నా దగ్గరున్నవి చాలావరకు అలా ఎవరి ఇంట్లోంచో తూకానికి పోయి, పేవ్‌మెంట్ మీదికి వచ్చి, నా చేతికి చేరినవే. అలా చేరినందువల్లే అవి బతికి ఉన్నాయి. మైలాపూరులో కొన్న ఒక ఈపీ (ఎల్పీ కంటే చిన్న రికార్డు) అట్ట లోపలి వైపు నీలం సిరాతో తెలుగులో రాసి ఉంది: "పెళ్ళిరోజు కానుక, 1966." కింద ఇద్దరి పేర్లు. వాళ్ళెవరో నాకు తెలియదు. ఆ ప్లేటు మీద ఒక చోట గీత ఉంది, రెండో చరణంలో టక్కుమంటుంది. బహుశా ఆ పాటే వాళ్ళు ఎక్కువసార్లు పెట్టుకుని ఉంటారు. ఆ పేర్ల కింద నేను కొన్న తారీఖు పెన్సిల్‌తో రాశాను. మా అమ్మాయి తన పేరు కూడా రాస్తానంటే, కొంచెం చోటు వదిలి రాయమన్నాను.